నాలుగో వరస వడ్డన

బల్లకి ఒక కాలు పొట్టి. సైదాబీ అక్క అటు జరిగితే సుభానీ మాస్టారు పైకి లేస్తున్నాడు, సుభానీ మాస్టారు ఇటు జరిగితే అక్క పైకి లేస్తోంది, మధ్యలో కొబ్బరి లౌజు డబ్బా మాత్రం తగువు తీర్చే పెద్దమనిషిలా ఎటూ ఒరగకుండా కూర్చుని ఉంది. ఎదురుగా మూసిన తలుపు. తలుపు మీద గడియారం. గడియారంలో పది. పదకొండు కాగానే ఆ తలుపు తెరుస్తారు, లోపల పరీక్షకులు ‘వై?’ అంటారు, ఈయన ‘వా’ అని నోరు తెరుస్తాడు, రెండూ కలిపితే వైవా. ఇది పొద్దున గుంటూరు నుంచి స్కూటరు మీద యూనివర్సిటీకి వస్తూ కట్టిన మాట. వెనక కూర్చున్న అక్కకి గాలిలోకి అరిచి మరీ వినిపిస్తే, ‘రోడ్డు చూసి నడుపు’ అంది. నలభై ఏడేళ్ళొచ్చినా అక్క దృష్టిలో ఆయన ఇంకా లైసెన్సు లేని సైకిలే. పదేళ్ళు. కాలేజీలో పొద్దున వృక్షశాస్త్రం చెప్పి, మధ్యాహ్నం ప్రయోగశాలలో ఆకులు నూరి, పదేళ్ళు. పరిశోధన అంటే ఏముంది, చేసేవాడికి శోధన, చేయించేవాడికి సాధన, ఇంట్లోవాళ్ళకి వేదన. ఊరంతా మంగళగిరి రోడ్డులో సైట్లు కొంటుంటే మా ఆయన సైటోకైనిన్ కొన్నాడని షమీమ్ చుట్టాలందరికీ చెబుతుంది, కట్టుకున్న పాపానికి ఆవిడకీ మాటలు కట్టడం అబ్బింది. రెండుసార్లు పొడిగించిన గడువు ఈ మార్చి నెలాఖరుతో సరి. మూడోసారి పొడిగించరు. పొడిగించనక్కరలేదు కూడా, ఇవాళ ఫిబ్రవరి ఇరవై ఒకటి, రెండువేల ఎనిమిది, ఇంకో గంటలో మాస్టారు డాక్టరు అయిపోతాడు, ఇంజెక్షను చెయ్యడం రాని డాక్టరు.

భయం లేదు. భయం ఎందుకు, చేతిలో థీసిస్ ఐదో అధ్యాయం ఉండగా? మొదటి నాలుగు అధ్యాయాలూ పెళ్ళికి ముందు వాయించే సన్నాయి, ఐదోది తాళిబొట్టు. మిరప మొక్కకి తెగులు తగిలినప్పుడు ఆకుల్లో కొన్ని రక్షణ ప్రోటీన్లు పుట్టుకొస్తాయి. తెగులు గురించి తెలుగులో ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరని ఆయన క్లాసులో ఏటా అంటాడు, ఏటా ముందు బెంచీ ఒక్కటే నవ్వుతుంది. ఆ దళంలో ఒకడు బూజు గోడని కొరుకుతాడు, ఒకడు చిల్లు పొడుస్తాడు, సుభానీ పట్టుకున్న వీడొక్కడి చేతిలో మాత్రం కత్తీ లేదు కర్రా లేదు, ఉన్నదల్లా ఒక బొర్ర, ఖాళీ పొట్ట. యుద్ధానికి సంచి పట్టుకొచ్చిన సిపాయి. ఎక్స్‌రే కిరణాలు పంపి వీడి ఆకారం గీసిన రోజున కంప్యూటరు తెర మీద ఏమొచ్చిందంటే, పక్కపక్కనే పేర్చిన ఏడు పట్టీలు, ఆ ఏడూ కలిసి ఒక షీటు, ఆ షీటు మెలి తిరిగి, గుప్పిటలా వంగి, దాని నోటికి అడ్డంగా చుట్టలు చుట్టుకున్న పొడుగాటి హెలిక్స్ ఒకటి. చూసినవాళ్ళు గుప్పిట అన్నారు, గవ్వ అన్నారు. సుభానీ ఒక్కడే చూడగానే దిండు గలేబు అనుకున్నాడు. అనుకోడూ మరి, దూదేకులవాడి కొడుకు. ఏడు చారల గుడ్డ, నోటి దగ్గర ముడి, లోపల ఖాళీ. నాయన విల్లు భుజాన వేసుకుని పత్తి ఊళ్ళన్నీ తిరిగేవాడు, టుంయ్ టుంయ్ మని నారి మోగుతుంటే దూది మంచులా లేచి నాయన కనుబొమల మీద వాలేది, పన్నెండేళ్ళు వచ్చేదాకా సుభానీకి నాయన జుట్టు అసలు రంగేమిటో తెలియదు. చారల గుడ్డ మడిచి గలేబు కుట్టేది అక్క. ఒకసారి ఎవరో ఉత్త గలేబులు కుట్టి పెట్టమంటే నాయన నవ్వాడు, దూది లేకుండా గలేబు ఎవడు కుడతాడయ్యా, కుట్టాడంటే ఏదో పెట్టబోతున్నట్టే గదా. అంతే, ఐదో అధ్యాయం అంతా ఆ ఒక్క మాటే, కాకపోతే ఇంగ్లీషులో, అరవై రెండు పేజీల్లో. మొక్క ఇంత శ్రద్ధగా గలేబు కుట్టిందంటే లోపల ఏదో పెట్టడానికే. ఏం పెడుతుంది? హార్మోను. కణాలు చీలండి, చిగురెయ్యండి అని చెప్పే సైటోకైనిన్. తెగులు మీద పడ్డప్పుడు ఆ మాటని తీసి పొట్టలో దాచుకుంటుంది, ఆపద దాటాక మళ్ళీ చిగురెయ్యాలి కాబట్టి. ఎవరూ పెట్టకపోయినా మొక్క తన ముద్ద తానే దాచుకుంటుంది. గలేబుదే గెలుపు.

“ఒరే, ఈ లౌజు ముందు పంచనా, అయినాక పంచనా?” అంది అక్క.

“అయినాకే. ముందు పంచితే లంచం.”

“నీ ప్రయోగమప్పుడు గూడా ఇట్టాగే లౌజు చేశా గుర్తుందా. నీళ్ళు నీ మొక్కలకీ, కొబ్బరి మన పొయ్యికీ. కాయలు చాలేవి కాదురా అసలు. నువ్వు మూడు వరసలకని లెక్కేసి తెచ్చేవాడివి, నేను నాలుగు వరసలకీ సర్దాలాయె.”

ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. బల్ల పొట్టికాలు టక్కున నేలకి తగిలింది.

“నాలుగు వరసలకా?”

“మరి? ఆ నాలుగోదానికి ఉత్త నీళ్ళు కొట్టి పోయేవాడివి. పక్క మూడూ కొబ్బరినీళ్ళు తాగుతుంటే అది చూస్తా ఊరుకోవాలా? నువ్వు స్కూటరెక్కినాక నేనే కొట్టేదాన్ని. పాపం, దాని మొహం చూడలేకపోయేదాన్ని.”

“ఎప్పటినించక్కా?”

“మొదటి తడవ నించే. ఏం, ఎందుకు?”

“ఏం లేదు,” అన్నాడు సుభానీ. గడియారంలో పది దాటి తొమ్మిది నిమిషాలు.

ఏం లేదు. నిజంగానే ఏం లేదు, ఐదో అధ్యాయంలో ఇప్పుడు ఏం లేదు. నల్లపాడు దాటాక కుడివైపు అక్క కౌలుచేను, నల్లరేగడి, వాన పడితే చెప్పులు ఊడబెరుక్కునే నేల, ఆ చేను మూలన నాలుగు వరసలు, వరసకి ఇరవై మొక్కలు, ఎనభై మొక్కలకీ ఒకే తెగులు తగిలించి, మూడింటికి కొబ్బరినీళ్ళు, నాలుగోదానికి ఉత్త నీళ్ళు. కొబ్బరినీళ్ళ నిండా ఆ హార్మోనే కదా, మన రైతులు మజ్జిగలో కలిపి మిరపకి కొడుతూనే ఉన్నారు, హార్మోను అనరు, బలం అంటారు. నాలుగో వరస మొదట్లో రేకు ముక్క పాతి ఎర్రరంగుతో కంట్రోలు అని రాస్తే దారినపోయేవాళ్ళు కిరసనాయిలు ఎప్పుడు పోస్తారండీ అని అడిగారు. పోల్చి చూసుకోవడానికి ఏమీ పెట్టని వరస. ఆ ఏమీ పెట్టని వరస ఆకుల్లో దొరికిన ప్రోటీను పొట్టలో కూడా ముద్ద కనపడబట్టే గదా, మొక్క తన ముద్ద తానే పెట్టుకుంటుందని అరవై రెండు పేజీలు రాసింది. పెట్టింది మొక్క కాదు. పెట్టింది సైదాబీ. పదేళ్ళ పరిశోధనలో ఆయన అన్నీ అనుమానించాడు, నీళ్ళని అనుమానించాడు, గాజుసామానుని అనుమానించాడు, కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్జుని అనుమానించాడు, అక్క జాలిని అనుమానించలేదు. ఎవడనుమానిస్తాడు, జాలికి సీసా లేదు, సీసా మీద చీటీ లేదు.

చెప్పాలి కదా, ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, అక్కా దానికేమీ పెట్టకూడదు, పెడితే ప్రయోగం పాడవుతుందని. చెప్పాడా? చెప్పాడు. దీనికి ఉత్త నీళ్ళేనక్కా అన్నాడు. అక్క ఏమంది? ‘అట్టాగేలే’ అంది. అక్క అట్టాగేలే అంటే అర్థం తెలియదూ, చిన్నప్పుడు ఉపవాసం రోజున అన్నం పెట్టొద్దని నాయన చెబితే కూడా అట్టాగేలే అనే పెట్టింది, నీళ్ళ గాబు చాటున. అసలు తెలిసి ఉండాల్సింది. ఆ పెళ్ళి తర్వాతైనా తెలిసి ఉండాల్సింది. ఏ ఊరది, కనిగిరి అవతల ఏదో ఊరు, పెళ్ళివారికి పద్నాలుగు పరుపులు కుట్టి ఇచ్చాక నాయనని భోజనానికి ఉండమన్నారు, పందిట్లో చివరి పంక్తి చివర నాయన, అక్క, సుభానీ. తనకి ఏడేళ్ళు, అక్కకి పదిహేడు. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, గుమ్మడికాయ పులుసు వచ్చింది, బూరెల గంప వస్తోంది, వస్తోంది, ఒక్కొక్క విస్తరి దాటుతూ వస్తోంది, ఏడేళ్ళవాడి చూపు గంప మీదే, మూడు విస్తళ్ళ అవతల దాకా వచ్చి గంప వెనక్కి తిరిగింది. అయిపోయి కాదు. గంపలో ఇంకా ఉన్నాయి, వంచినప్పుడు కనపడ్డాయి. నాయన తల వంచుకుని పులుసన్నం కలుపుతున్నాడు. అక్క లేచింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి, గంప పట్టుకున్నాయన దారికి అడ్డంగా నిలబడి, ‘బాబాయ్, మూడు విస్తళ్ళు మర్చిపోయారు,’ అంది, తిట్టినట్టు కాదు, పడిపోయిన కండువా తీసి ఇచ్చినట్టు. ఆయన వచ్చి వేశాడు. ఆ బూరె రుచి సుభానీకి గుర్తులేదు, పంటి కింద పూర్ణం వేడి మాత్రం గుర్తుంది. ఆ తర్వాత అక్క చేతి మీదుగా ఎన్ని వందల వడ్డనలు జరిగాయో, నాయన పోయిన నలభయ్యో రోజు చాలీసా నాడు, షమీమ్‌తో నిఖా రోజున, అక్క కొడుకు సుంతీ ఒడుగుల రోజున, గంప చివరిదాకా వెళ్ళకుండా వెనక్కి తిరిగింది లేదు. పంక్తి అంటే పంక్తే. ఆ మనిషి ముందు నాలుగు వరసలు వేసి, మూడింటికి పెట్టి, నాలుగోదానికి ఉత్త నీళ్ళు చూపించి స్కూటరెక్కి వచ్చేశాడు, ఎంత తెలివైనవాడు, వృక్షశాస్త్రం తెలుసు, వడ్డనశాస్త్రం తెలియదు.

వరండా చివర నుంచి చెప్పుల చప్పుడు. గైడుగారు. రామచంద్రమూర్తిగారు నడుస్తుంటే ముందు ఆయన దగ్గు వస్తుంది, తర్వాత ఆయన వస్తాడు. గైడుకి గడువు గుర్తుండదు, గడువుకి గైడు దొరకడు అని ఆయన ముందే అనగలిగేంత చనువు ఈ పదేళ్ళలో వచ్చింది.

“ఏమయ్యా సుభానీ, పరీక్షకురాలు రాజరాజేశ్వరిగారు వచ్చేశారు. నీ ఐదో అధ్యాయం రైల్లో రెండుసార్లు చదివారట. మిగతావి వదిలెయ్, అదొక్కటి చాలు నీకు డాక్టరేటుకి అన్నారు.” అక్కకి నమస్కారం పెట్టాడు. “అమ్మా, మీ చేను పేరు దేశం దాటబోతోంది.”

“మా చేనుకి పేరెక్కడిదండీ, కౌలుది,” అంది అక్క.

ఆయన దగ్గి, నవ్వి, ఆ మూసిన తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు, తలుపు మళ్ళీ మూసుకుంది. పది దాటి ఇరవై రెండు నిమిషాలు. అదొక్కటి చాలు. అదొక్కటే లేదు. ఎవరికి తెలుసు? రహస్యం తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే, అందులో ఒకరికి అది రహస్యమని తెలియదు. లోపలికి వెళ్ళి ఐదో అధ్యాయం గడగడా చెప్పేసి, బయటికి వచ్చి లౌజు పంచేసి, స్కూటరెక్కి వెళ్ళిపోవచ్చు. కంట్రోలు రేకు తుప్పు పట్టి ఎప్పుడో పోయింది. ఎనభై మొక్కలూ పీకి పొయ్యిలో పెట్టి నాలుగేళ్ళయింది. ఏ పరీక్షకుడు అడుగుతాడు, అయ్యా తమ అక్కగారు జాలిపడ్డారా అని? ఆ ప్రశ్న ఏ సిలబస్‌లోనూ లేదు. నోరు మూసుకుంటే డాక్టరు, నోరు తెరిస్తే మార్చి ముప్ఫై ఒకటి. నోరు మూసుకోవడం సుభానీకి ఎప్పుడు చాతనైంది గనక, నాయన చనిపోయిన రోజున తప్ప.

సరే, నోరు సంగతి తర్వాత, ముద్ద సంగతి చూడు. కళ్ళు మూసుకుంటే ఆ తెర ఇప్పటికీ కనపడుతుంది. అంతకుముందు పద్నాలుగు నెలలు, ఇరవై నాలుగు గుంటల ప్లాస్టిక్ పలకల్లో ప్రోటీను బొట్లు వేలాడదీసి, ఇవాళ స్ఫటికం కట్టిందా రేపు కడుతుందా అని మైక్రోస్కోపులో చూపు పెట్టి పద్నాలుగు నెలలు. పటికబెల్లం దారానికి కట్టినట్టు కడుతుంది అన్నారు, పటికా లేదు బెల్లమూ లేదు, బొట్టు బొట్టుగానే ఉంది, ఆయన కళ్ళజోడు మాత్రం మారింది. పదిహేనో నెలలో ఒక పొద్దున, బొంబాయిరవ్వ పలుకులో సగం ఉంటుందేమో, అంచులు కోసినట్టున్న మెరుపు ఒకటి. దాన్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, కుదుపు తగలకుండా తాను కుదుపులు తింటూ హైదరాబాదు ఎక్స్‌రే మిషను దగ్గరికి పాసింజరు బండిలో. నల్లపాడులో బండి ఎదురుబండి కోసం ఆగితే పక్కనున్నాయన, ‘ఐస్‌క్రీమా అండీ?’ అన్నాడు, ‘కాదండీ, మిరపాకు కషాయం,’ అంటే జరిగి కూర్చున్నాడు. చేరేటప్పటికి స్ఫటికం బతికే ఉంది. తెర మీద నీలం వల, చేపల వలలాగే, అణువులున్న చోటల్లా వల బిగుసుకుని ఉంటుంది, ఏడు పట్టీలూ వలలో పడ్డాయి, పొడుగు హెలిక్స్ పడింది, మధ్యలో బొర్ర, బొర్రలో ఎవరూ గియ్యని వల ముద్దలు. ఒకటి, రెండు, మూడు, ఒక్కోటీ ఒక హార్మోను అణువు. మొదటి వరస ఆకులవి అవి. కొబ్బరినీళ్ళు తాగిన వరస. మూడు ముద్దలు. ఆ రాత్రి ముద్ద కనపడి నిద్ర పోయింది. నెల తర్వాత నాలుగో వరస స్ఫటికం, అదే గలేబు, అదే బొర్ర, అందులో ఒక్క ముద్ద. మూడు కాదు. ఒక్కటి. మూడెక్కడ, ఒకటెక్కడ. ఒక్కటే ఎందుకుంది అని అప్పుడు రామచంద్రమూర్తిగారు అడిగితే, స్వార్జితం కదండీ, తక్కువే ఉంటుంది అన్నాడు, అందరూ నవ్వారు, నవ్వులో ప్రశ్న కొట్టుకుపోయింది. నవ్వించడం వచ్చినవాడికి ఇదొక జబ్బు, ఎదురు ప్రశ్నని ఎగతాళితో ఎగరగొట్టేస్తాడు.

ఒక్కటి. ఎందుకు ఒక్కటి?

“అక్కా. నాలుగో వరసకి ఎంత కొట్టేదానివి? పక్కవాటికి ఎంతో అంతా?”

“అంత ఎక్కడ మిగులుద్దిరా. డబ్బా అడుగున చెంబుడు మిగిలేది. దానికి రెండు చెంబుల నీళ్ళు కలిపి సరిపెట్టేదాన్ని. పల్చనే అనుకో. పల్చనిదైనా అందింది గదా.”

ఒక చెంబు కొబ్బరినీళ్ళు, రెండు చెంబుల నీళ్ళు. మూడింట ఒకటి. మూడు ముద్దలు, ఒక ముద్ద. సుభానీ బల్ల మీద వెనక్కి వాలాడు, బల్ల ఆయనతో పాటు వాలింది, అక్క డబ్బా పట్టుకుంది. మొక్క లెక్కల మాస్టారు కాదు, ఇంత కచ్చితంగా కుదరాలని ఎక్కడా లేదు, కుదిరిందని ఎగరడమూ తొందరే. కానీ చూడు, చూడవయ్యా సుభానీ, ఆ గలేబు ఏం చేసింది. బొంబాయిరవ్వలో సగం స్ఫటికం, అందులో కోట్ల కోట్ల పొట్టలు, ఒక్క పొట్ట అబద్ధం చెప్పలేదు. పొద్దుపోయాక చేలో ఎవరూ చూడకుండా ఒక ఆడమనిషి పల్చగా వడ్డించిన వడ్డనని ఎంతకి ఎంతో అంత రాసిపెట్టుకుంది. రెండేళ్ళుగా తెర మీద నుంచి అరుస్తోంది, ఒరే, మాకు పెట్టారురా, కొంచెం పెట్టారురా, సైదాబీ పెట్టిందిరా అని. వినపడలేదు. ఎందుకు వినపడుతుంది, ఈయన మాట్లాడుతున్నాడు కదా. ముద్ద తప్పు కాదు. నిర్మాణం తప్పు కాదు. గీసిన ప్రతి పట్టీ, ప్రతి చుట్టా నిజం. తప్పల్లా ఒకటే, ఎర్రరంగుతో రేకు మీద తాను స్వహస్తాలతో రాసిన ఆ ఒక్క మాట. తన ముద్ద తానే పెట్టుకుంటుందా లేదా అన్నది అసలు ఎవరూ అడగనే లేదన్నమాట ఇంకా. పెడితే మాత్రం పుచ్చుకుంటుంది, ఎంత పెడితే అంత. ఇది చిన్న సంగతా? చిన్నదే. అరవై రెండు పేజీలంత పెద్దది కాదు. కానీ నిజం, గలేబులో దూదిలా ఒత్తుగా ఉంది, గుచ్చి చూడొచ్చు.

ఇందాక తొమ్మిది నిమిషాలప్పుడు ఉన్న భయం ఏమయింది? అబద్ధం చెప్పాలేమోనన్న భయం అది, చెప్పనక్కరలేదని తేలాక ఇంక దానికి ఇక్కడ పనేముంది. పదిన్నర దాటింది. మిరప కల్లాల మీద ఎర్రగా ఎండే రోజులివి, అక్క పొద్దున నాలుగింటికే లేచి కాయ తిరగబోసి వచ్చింది, ఆమె చీర కొంగు దగ్గర నుంచి ఘాటు వచ్చి ముక్కు అదురుతోంది, వరండాలో పోయే వాళ్ళంతా ఇక్కడికి రాగానే తుమ్ముతున్నారు, గుంటూరువాళ్ళు తుమ్మరు, వీళ్ళంతా బయటివాళ్ళు.

“తప్పు చేశానా ఏందిరా?” అంది అక్క. ఆమె చూపు తలుపు మీద ఉంది. “ఇందాకటి నించీ ఒక్క పొల్లుమాట లేదు నీ నోట్లోనించి. నువ్వు ఇంతసేపు నోరు మూసుకుంటే నాకు భయమేస్తది.”

“నువ్వు చెయ్యలేదక్కా. బోర్డు తప్పు రాశాను నేను.”

“మార్చి రాయి మరి. ఎంతసేపు.”

మార్చి రాయి. మార్చిలోపు రాయి. రెండూ ఒకటే, అక్కకి తెలియకుండానే అన్నీ వస్తాయి. సుభానీ లేచాడు. ఆయన లేవగానే బల్ల అక్క వైపు కూలబోయింది, ఆమె కాలు తన్నిపెట్టి ఆపుకుంది. తలుపు తీసి గైడుగారిని బయటికి రమ్మని పిలిచి, గోడ దగ్గర నిలబెట్టి, ఉన్నదున్నట్టు నాలుగు ముక్కల్లో చెప్పాడు, ఒక్క శ్లేష లేకుండా, జీవితంలో మొదటిసారి. రామచంద్రమూర్తిగారు దగ్గడం మర్చిపోయాడు. బల్ల మీద కూర్చున్న అక్కని చూశాడు.

“ఆ మాటేదో ఒక్క గంట ఆగి చెప్పకూడదటయ్యా, మీ అక్కగారు?”

“గంట ముందు చెప్పింది కాబట్టే డాక్టరు కాకుండా బతికానండి.”

“చెప్పేస్తావా?”

“చెప్పేస్తానండి.”

“గడువు?”

“ఉందిగా. ముప్ఫై తొమ్మిది రోజులు.”

గైడుగారు దగ్గాడు. దగ్గి, “పద,” అన్నాడు.

లోపల ఫాన్లు తిరుగుతున్నాయి, ప్రొజెక్టరు గుడ్డ మీద ఏడు చారల గలేబు నీలంగా వెలుగుతోంది. కుర్చీల్లో పదిమంది. రాజరాజేశ్వరిగారు ముందు వరసలో, ఒళ్ళో థీసిస్, ఐదో అధ్యాయం దగ్గర రైలు టిక్కెట్టు గుర్తుపెట్టి ఉంది. సుభానీ ప్రొజెక్టరు దగ్గరికి పోలేదు. పక్కనున్న నల్లబల్ల దగ్గరికి పోయి సుద్దముక్కతో నాలుగో వరస కంట్రోలు కాదు అని రాసి, చెయ్యి దులుపుకుని, ఇటు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. మూడు ముద్దలు, ఒక ముద్ద, ఒక చెంబుకి రెండు చెంబులు. క్లాసులో కన్నా బాగా చెప్పాడు. చెప్పి ఆపాడు. రాజరాజేశ్వరిగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇది మీకెప్పుడు తెలిసింది?”

“యాభై నిమిషాలయిందండి.”

“చెప్పిందెవరు?”

“మా అక్కండి. బయట బల్ల మీద ఉంది.”

“పిలవండి.”

అక్క డబ్బాతో సహా వచ్చింది. డబ్బా బయట వదిలి రావడం ఆమె వల్ల కాదు. చీర కొంగు నిండా కప్పుకుని, ఏడు చారల బొమ్మని ఒకసారి చూసి, కుట్టు ఎక్కడ తప్పిందా అన్నట్టు చూసి, నిలబడింది. ముందు కుర్చీల్లో ఒకాయన తుమ్మాడు.

“అమ్మా, నాలుగో వరసకి పెట్టొద్దని మీ తమ్ముడు చెప్పలేదా?”

“చెప్పాడండి. మగవాళ్ళు చెబుతారండీ, వడ్డించేది మనం గదా.”

రాజరాజేశ్వరిగారి పెదవి కొంచెం కదిలింది. వెంటనే సర్దుకున్నారు. “ఈ ఏడు మీ చేలో మిరప ఉందా?”

“ఉందండి. మూడో కోతకొచ్చింది. బొబ్బర తెగులు కూడా తగిలింది కొంచెం.”

“కొబ్బరినీళ్ళు ఇంతవరకూ తగలని మొక్క ఒక్కటైనా ఉందా మీ చేలో?”

అక్క ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, గట్టు గట్టూ మనసులో తిరిగి వచ్చింది. “మా చేలో లేదండి. మా తమ్ముడి ప్రయోగమప్పుడు కాపు బాగుందని ఆనాటి నించీ మొత్తానికీ కొడతన్నా. మా పక్క చేలో ఉన్నయ్. హయాత్‌ది. నారు నా మడిలోదే, నాటిందీ ఒకే రోజు, తెగులూ ఒకటే. ఆయన మాత్రం ఉత్త నీళ్ళు కూడా లెక్కేసి పెడతాడు.”

“అంటే ఎన్ని మొక్కలు?”

“రెండెకరాలండి.”

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. రామచంద్రమూర్తిగారు దగ్గుతో కప్పిపెట్టబోయాడు, కుదరలేదు. సుభానీకి నవ్వు రాలేదు. రెండెకరాల కంట్రోలు. అదే నేల, అదే నారు, అదే తెగులు, ఎవరూ జాలిపడని రెండెకరాలు, గట్టు అవతలే, ఎన్నిసార్లు ఆ గట్టు మీద స్కూటరు ఆపాడో. రాజరాజేశ్వరిగారు థీసిస్‌లోంచి రైలు టిక్కెట్టు తీసి చేతిసంచిలో పెట్టుకున్నారు.

“ఆ ఆకుల ప్రోటీను స్ఫటికం కట్టడానికి ఎన్నాళ్ళు?”

“మొదట పద్నాలుగు నెలలు పట్టిందండి. ఇప్పుడు పాళ్ళు తెలిశాయి. పన్నెండు రోజులు.”

“ముద్ద లేకపోతే?”

“ఐదో అధ్యాయం తీసేస్తానండి. పెట్టింది పుచ్చుకుంటుందని మాత్రం రాస్తాను.”

“ఉంటే?”

“అప్పుడు అరవై రెండు పేజీలూ మళ్ళీ మీరు రైల్లో చదవాల్సి వస్తుందండి.”

ఆమె ఏదో రాసుకున్నారు, చాలాసేపు రాసుకున్నారు. సుద్ద ఇంకా ఆయన వేళ్ళకి ఉంది. చివరికి తలెత్తి, “మార్చి ఇరవై ఐదున మళ్ళీ వస్తాను. ఇవాళ వైవా జరగలేదు, వాయిదా పడింది. అంతే రాస్తున్నాను,” అన్నారు. డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

“అయితే ఇప్పుడు పంచొచ్చా?” అంది అక్క. ఎవరి జవాబు కోసమూ ఆగకుండా డబ్బా మూత తీసింది. ముందు వరసతో మొదలుపెట్టి, రాజరాజేశ్వరిగారికి ఒకటి, గైడుగారికి ఒకటి, తుమ్మినాయనకి ఒకటి, చివరి కుర్చీలో నిద్రపోతున్నాయన్ని లేపి ఒకటి, గుమ్మం దగ్గర అటెండరుకి ఒకటి. గంప చివరిదాకా వెళ్ళింది. డబ్బాలో ఇంకా రెండు మిగిలాయి. వాటిని కాగితంలో చుట్టి కొంగున కట్టుకుంది.

“అవెవరికక్కా?”

“హయాత్‌కిరా. ఆకులడగటానికి పోతా ఉత్త చేతుల్తో పోతామా.”

“అక్కా.” సుభానీ గొంతు తగ్గించాడు, అయినా హాలంతా వినపడింది. “ఆకులు కోసేదాకా నువ్వు ఆ గట్టు ఎక్కొద్దు.”

“ఆయనకి పెడతా గానీ ఆయన మొక్కలకి పెట్టను లేరా. ఒట్టు,” అని తమ్ముడి నెత్తి మీద చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి కొబ్బరి వాసన కొడుతోంది.